మధ్య సీట్లో సీతారత్నం గారు

నేను ఒక కారు స్పీకరుని. కారులో పాట బాగా రాకపోతే మొదటి తిట్టు నాకే. బాగా వస్తే మాత్రం మెప్పు పాడినవాళ్లకి పోతుంది, లేదంటే కారు యజమాని తన తెలివికి తానే మురిసిపోతాడు. ఎంతమంది గొంతులు నాలోంచి బయటికి వెళ్లాయో లెక్కలేదు. నా సొంత మాట ఒక్కటి వెళ్లి ఉంటే ఒక మనిషికి ఎంతో కష్టం తప్పేది. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అందుకని కాస్త విసురుగా చెబుతాను, ఏమనుకోకండి.

మేం ఇద్దరం, నేనూ నా జంటా. కోడిగుడ్డు ఆకారం, నల్లటి అట్ట, చుట్టూ రబ్బరు అంచు, వెనక బరువైన అయస్కాంతం. ఎక్కడో ఇరుకు సందులోని చిన్న కార్ఖానాలో పుట్టాం. చేసినవాడు ఒక్కొక్కదాన్నీ పాడించి, తల ఊపి, పెట్టెలో పెట్టాడు. స్పీకరు పని బ్రహ్మవిద్యేం కాదు. కరెంటు వచ్చినప్పుడల్లా మా అట్ట ముందుకీ వెనక్కీ కదలాలి. జంటగా ఉన్నప్పుడు ఇద్దరం ఒకేసారి ముందుకి, ఒకేసారి వెనక్కి కదలాలి. మా వీపు మీద ప్లస్ అనీ మైనస్ అనీ రెండు కొసలు ఉండేది ఇందుకే. ఇంత చిన్న సంగతి మీద ఇంత కథ నడుస్తుందని అప్పుడు మాకేం తెలుసు?

మొదట మమ్మల్ని కొన్నది భీమవరంలో రొయ్యల చెరువులున్న ఫణీంద్రవర్మ గారు. ఆయన కారులో మేం హాయిగా పాడాం. ఆయనా హాయిగానే విన్నాడు, పక్క చెరువు ఆయన కారులో అద్దాలు అదిరే పెద్ద స్పీకర్లు చూసేదాకా. ఆ మర్నాడే మమ్మల్ని పీకించేశాడు. మనుషులు తమ చెవులతో సుఖపడరు, పక్కవాడి చెవులతో కష్టపడతారు. అలా మేం పాత సామాను కొట్టు అరలో దుమ్ము తింటూ కూర్చున్నాం.

అక్కడికి వచ్చాడు ఏడుకొండలు. పాలకొల్లులో ఫ్యాన్సీ కొట్టు, కొత్తగా కొన్న పాత కారు, తక్కువ ఖర్చులో ఎక్కువ సుఖం కావాలనే పట్టుదల. మనిషి చెడ్డవాడు కాదు. తిండి దగ్గరా చుట్టాల దగ్గరా చెయ్యి ముడుచుకోడు. పనివాడికి కూలి ఇవ్వాలంటే మాత్రం ప్రాణం పోతుంది.

"బిగించి ఇచ్చేయమంటారా అండీ?" అన్నాడు కొట్టువాడు.

"ఎందుకండీ? రెండేసి వైర్లు తగిలించడమే కదా. ఫోన్లో చూసి నేనే బిగించుకుంటాను," అన్నాడు ఏడుకొండలు.

ఇంటి కరెంటు పనిలో మిగిలిన వైరు చుట్ట ఉంది కదా అని అదే వాడాడు. మొత్తం ఎర్రదే. ఏ వైరు దేనిదో తెలియడానికి రంగులు వేరుగా ఉండాలని ఆ ఫోన్లో మనిషి చెబుతూనే ఉన్నాడు. "వైరుకి రంగుతో పనేంటి, కరెంటుకి కళ్లున్నాయా?" అని ఈయన నవ్వాడు. వెనక సీటు వెనకాల అద్దం కింద పలకకి కోతపెట్టి, ఎడమవైపు నన్నూ కుడివైపు నా జంటనీ కూర్చోబెట్టాడు. నాకు వైర్లు సరిగ్గానే తగిలాయి. నా జంటకి తిరగబడ్డాయి. ప్లస్‌కి వెళ్లాల్సింది మైనస్‌కి వెళ్లింది.

ఆ క్షణం నుంచి నేను గాలిని ముందుకి తోస్తే నా జంట వెనక్కి లాగుతుంది. ఒకే తలుపుని ఒకడు లోపలి నుంచీ ఒకడు బయటి నుంచీ తోస్తున్నట్టు అయింది మా బతుకు. ఇద్దరం ఒళ్లు దాచుకోకుండా కష్టపడుతున్నాం, నా కష్టాన్ని అది కొట్టేస్తోంది, దాని కష్టాన్ని నేను కొట్టేస్తున్నాను. కిటికీ పక్కన కూర్చున్నవాళ్లకి దగ్గరున్న స్పీకరు పాట వినిపించేది. సరిగ్గా మా ఇద్దరి మధ్యా కూర్చున్నవాళ్లకి మాత్రం పాడేవాళ్ల గొంతూ, డప్పు దరువూ మాయమైపోయి, ఎక్కడో తాళాల గలగల మాత్రం మిగిలేది.

ఆ మధ్య సీటు సీతారత్నం గారిది.

ఆవిడ ఏడుకొండలుకి అత్తగారు. పక్క వీధిలో ఉంటుంది, పగలంతా జాకెట్లు కుడుతుంది, సాయంత్రం ఆడవాళ్లకి కోలాటం నేర్పుతుంది. చుట్టుపక్కల ఏ గుడిలో కల్యాణం జరిగినా ఆవిడ బృందానికి పిలుపు వచ్చేది. జడ కోలాటానికి ఆవిడ పెట్టింది పేరు. నడుమ నిలబెట్టిన గుంజకి రంగు తాళ్లు కట్టి, తలా ఒక తాడు పట్టుకుని ఆడుతూ ఆడుతూ జడలా అల్లి, మళ్లీ ఆడుతూనే విప్పేస్తారు. అడుగు ఎప్పుడు మారాలో ఆవిడ ఈల ఊది చెప్పాలి. ఒక్క ఈల ఆలస్యమైతే తాళ్లు చిక్కుపడి పదిమందిలో నవ్వులపాలవుతారు.

కారులో వెళ్లేటప్పుడు కొత్త పాటలు వింటూ, అడుగు ఎక్కడ మారుతుందో మనసులో వేసుకోవడం ఆవిడకి అలవాటు. ముందు సీటు ఖాళీగా ఉన్నా అల్లుడి పక్కన కూర్చోదు.

"ఈ రోజుల్లో అవన్నీ ఎవరు చూస్తున్నారమ్మా," అనేది అదే బృందంలో ఆడే కూతురు తాయారు.

"చూసేవాళ్లుంటే మర్యాద, లేకపోతే లేదా? నువ్వు కూర్చో ముందు," అనేది ఆవిడ.

వెనక కిటికీలేమో వాంతులయ్యేవాళ్లవి. ఒకవైపు పక్కింటి భవాని, ఇంకోవైపు సుబ్బలక్ష్మి, బృందంలోవాళ్లే. ఇద్దరూ కారెక్కగానే నిమ్మకాయ వాసన చూసే రకం. మిగిలింది మధ్య సీటు.

మొదటిరోజే ఏడుకొండలు అద్దంలోంచి చూసి, "పాట ఎలా వస్తోందండీ అత్తయ్యగారూ?" అని అడిగాడు. ముచ్చటపడి తనే బిగించుకున్న అల్లుడితో ఏం వినపడట్లేదని ఎలా అంటుంది? "బాగుంది బాబూ," అంది. నాకు నెత్తి కొట్టుకోవాలనిపించింది. ఆ ఒక్క రోజు నిజం చెప్పేస్తే పోయేది.

ఏడుకొండలుకీ తృప్తి లేదు. పాటలో బరువు రావట్లేదని సణిగేవాడు. మోత పెంచే సెకండ్‌హ్యాండ్ ఆంప్లిఫయర్ ఒకటి తెచ్చి సీటు కింద పెట్టాడు. దాంతో మేం ఇంకా గట్టిగా కొట్టుకున్నాం. పలక అదురుతోందని పాత పరుపులోంచి దూది తీసి కుక్కాడు, అది చాలక కొబ్బరి పీచు కుక్కాడు. నాకు ఊపిరి ఆడలేదు. రోగం వైర్లలో ఉంటే మందు ముక్కులో పోస్తున్నాడు. "ఒక్కసారి నా జంట వైర్లు మార్చి చూడవయ్యా మహానుభావా" అని నేను అరుస్తూనే ఉన్నాను. నా నోట్లోంచి వాళ్లు పెట్టిన పాటే వస్తోంది.

ఒకసారి కొత్త పాట నేర్చుకుంటుండగా సీతారత్నం గారు ఉండబట్టలేక, "దరువు నాకు అందట్లేదే, కొంచెం పెంచమను," అంది.

"ఇంత మోతలో అందకపోవడం ఏంటమ్మా?" అంది తాయారు వెనక్కి తిరిగి. భవాని అప్పటికే కిటికీకి అతుక్కుపోయి చెవి మూసుకుని ఉంది. తాయారూ, భవానీ, సుబ్బలక్ష్మీ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం నేను చూశాను. ఆవిడకి చెవుడన్న మాటకి అక్కడ పడింది విత్తనం.

ఆ కొత్త పాటే, మండపంలో సాధనకి వీలు లేక, కారులో విన్నదాంతోనే ఒక తీర్థంలో ఆడారు. చరణం ఎక్కడ తిరుగుతుందో ఆవిడకి సరిగా వినపడితే కదా తెలిసేది. ఈల ఒక అడుగు ఆలస్యంగా పడింది. తాళ్లు ముడిపడిపోయాయి. జనం నవ్వారు. తిరిగొచ్చేటప్పుడు కారులో ఎవరూ పాట పెట్టమనలేదు.

ఇక ఆవిడకి చెవుడు ఖాయం చేసేశారు. వెల్లుల్లి వేసి కాచిన నూనె చుక్కలు చెవుల్లో పోశారు. డాక్టరుకి చూపిద్దామా అంటే, వయసుకి డాక్టరేం చేస్తాడన్నాడు ఏడుకొండలు. మండపంలో సాధన చేసేటప్పుడు అన్నీ వినపడుతున్నాయని ఆవిడ చెబితే, అంత పెద్ద సౌండు పెట్టె ఎవరికైనా వినపడుతుందని తాయారు కొట్టిపారేసింది. అందరూ ఆవిడతో అరిచి మాట్లాడటం మొదలుపెట్టారు. "ఎందుకే అరుస్తారు, వినపడుతోంది," అంటే, చెవిటివాళ్లందరూ అలాగే అంటారని నవ్వేవాళ్లు. ఏం చెప్పినా ఆవిడ మీదికే తిరిగేది. వింటున్న నాకే అంత ఉక్రోషం వస్తే ఆవిడకి ఎంత వచ్చి ఉంటుందో చూడండి.

ఘోరం ఇంకోటి ఉంది. చెవిటిదే కదా అని ఆవిడ ముందే ఆవిడ గురించి మాట్లాడుకునేవాళ్లు. ఒకరోజు పాట ఆపేసి ఉంది. ముందు సీట్లోంచి తాయారు మామూలు గొంతుతోనే, "లక్ష్మీనారాయణస్వామి కల్యాణానికి అమ్మని వద్దందాం అండీ. ఈల నేను ఊదుతాను. మళ్లీ తాళ్లు చిక్కుపడితే మన పరువేం కాను?" అంది. ఏడుకొండలు, "మీ అమ్మకి ఎవరు చెబుతారు?" అన్నాడు. మధ్య సీట్లో సీతారత్నం గారు రోడ్డు చూస్తూ కూర్చుంది. ఆ చేతులు ఒళ్లో ఉన్న కోలాటం కర్రల్ని గట్టిగా పట్టుకున్నాయి. ప్రతి మాటా విన్నది. పరాయివాళ్లయితే జవాబు చెప్పేదేమో. కూతురికి ఏం చెబుతుంది?

కారు దిగేముందు ఆవిడే మెడలోంచి ఈల తీసి తాయారు చేతిలో పెట్టింది. "నువ్వే ఊదవే. పాట నాకు అందట్లేదన్నది నిజమే. అన్నీ వినపడతాయి, ఈ పాటే వినపడదు. స్వామి దాన్ని ఒక్కదాన్నే తీసేసుకున్నాడు," అంది. ఆవిడ కూడా నమ్మేసిందన్నమాట. అది విన్నాక నాకు నిజంగా పగిలిపోవాలనిపించింది. దూది కుక్కిన స్పీకరు పగలడం కూడా అంత తేలిక కాదు.

కల్యాణం రోజు సీతారత్నం గారు లేకుండానే బయల్దేరారు. ముందు సీటు నిండా జడ కోలాటం తాళ్ల మూట. తాయారు వెనక్కి వచ్చి, భవానికీ సుబ్బలక్ష్మికీ మధ్య కూర్చుంది. ఈల మెడలో వేసుకుని, పాటలో మలుపులు ఒకసారి చూసుకుందామని పాట పెట్టమంది.

"కొంచెం పెంచండి," అంది.

పెంచాడు.

"ఇంకా పెంచండి. దరువేదీ?"

"చెవులు బద్దలైపోతున్నాయి తాయారూ, ఇంకా పెంచమంటావేంటి?" అంది భవాని.

తాయారు మెల్లగా భవాని భుజం మీదికి వాలింది. పాట వచ్చింది. నిటారుగా కూర్చుంది. గొంతు పోయింది, డప్పు పోయింది, తాళాలు మాత్రం మిగిలాయి. మళ్లీ వాలింది, మళ్లీ లేచింది. సుబ్బలక్ష్మి నిమ్మకాయ దింపి ఆమెనే చూస్తోంది.

"కారు తిప్పండి," అంది తాయారు.

"టైమైపోతోందే..."

"తిప్పండీ! అమ్మ దగ్గరికి పోనివ్వండి."

ఆ గొంతు విని ఏడుకొండలు కారు తిప్పాడు.

సీతారత్నం గారి గేటు ముందు కారు ఆగింది. పాట ఆపేశాడు. ఆవిడ అటు తిరిగి కుళాయి కింద గిన్నెలు తోముతోంది. నీళ్ల చప్పుడు. తాయారు కారు దిగి గేటు పట్టుకుని నిలబడింది. ఇన్నాళ్లూ అరిచీ అరిచీ బొంగురుపోయిన ఆ గొంతుతో, పక్కనున్న భవానికి కూడా సరిగా వినపడనంత మెల్లగా, "అమ్మా," అంది.

"ఏం మర్చిపోయారే, మళ్లీ వచ్చారు?" అంది ఆవిడ, వెనక్కి తిరగకుండానే.

తాయారు అక్కడే గేటుకి తల ఆనించి ఏడ్చింది. ఏడుకొండలు స్టీరింగు పట్టుకుని తల దించుకున్నాడు. ఆవిడ తడి చేతులతో వచ్చి, "ఏమైందే, ఎవరికేమైంది?" అని కంగారుపడుతుంటే, కూతురు ఆ తడి చేతులే పట్టుకుని మధ్య సీటు సంగతి చెప్పింది.

దారిలో తాయారు ఆవిడని కిటికీ పక్కన కూర్చోబెట్టి పాట వినిపించింది. ఆ సాయంత్రం గుడి బయట కారులోంచి నేను సీతారత్నం గారి ఈల విన్నాను. ఒక్కటి కూడా తప్పలేదు. భవాని తిరిగొస్తూ, జడ అల్లినంత చక్కగా విప్పారని పదిసార్లు చెప్పింది.

మర్నాడే ఏడుకొండలు స్క్రూడ్రైవరు పట్టుకుని వచ్చాడు. "ఈ దరిద్రపు స్పీకర్ల వల్ల కదా ఇంత జరిగింది," అంటూ మమ్మల్ని పీకడం మొదలుపెట్టాడు. వైర్ల వంక చూడనైనా చూడలేదు. సీతారత్నం గారు పక్కనే నిలబడి ఉంది.

"వాటినేం అనకు బాబూ. రెండిటికీ ఒకదానికొకటి పడట్లేదేమో, చూడకూడదూ?"

"స్పీకర్లకి పడకపోవడం ఏంటండి అత్తయ్యగారూ, మీరు మరీను!" అని నవ్వేసి, ఆఖరి స్క్రూ లాగేశాడు. నా గురించి ఈ లోకంలో ఎవరైనా అన్న నిజం అదొక్కటే. దాన్నీ నవ్వులాటకి తోసేశాడు. కోపం రాదా చెప్పండి.

ఇప్పుడు పాత ఇనుము కొట్టులో, విరిగిన ఫ్యాను రెక్కల కింద ఇద్దరం పడి ఉన్నాం. ఎవరైనా రెండు సరైన వైర్లు తగిలిస్తే ఇప్పుడే పాడి చూపిస్తాం. ఎవరూ తగిలించరు. పాలకొల్లులో ఆ ఇంట్లో మా పేరు చెడ్డ స్పీకర్లని స్థిరపడిపోయింది. అంతకుముందు అదే ఇంట్లో అమ్మకి చెవుడని అనుకున్నారు. రెండూ అబద్ధాలే. మేం చెడ్డ స్పీకర్లమన్నదాని వల్ల మాత్రం ఎవరి మెడలోంచీ ఈల తీయాల్సిన పని లేదు. కాబట్టి ఈ అబద్ధాన్ని నేను ఒప్పుకుంటున్నాను.