డాక్టరమ్మ గీసిన వంశవృక్షం

గుండె డాక్టరు నిషివాకి తొమొయె మార్చి నెలాఖరున రిటైరయింది. ఉరబె ఇంటి పెద్దావిడకి వీడ్కోలు చెప్పడానికి మాత్రం జూలై దాకా రాలేదు. అడిగినవాళ్లకి ఒకసారి నడుము నొప్పి అంది, ఒకసారి వానలు అంది. అసలు సంగతి, వీడ్కోళ్లంటే ఆమెకి చిన్నప్పట్నుంచీ భయం. ముప్ఫయ్యేళ్లు గుండె మీద పరిశోధన చేసిన మనిషి, రేవులో ఎవరైనా చెయ్యి ఊపితే చాలు, కళ్లద్దాలు తుడుచుకునే నెపంతో అటు తిరిగి నిలబడుతుంది.

అందులో చివరి పంతొమ్మిదేళ్ల పనంతా జపాన్‌లోని ఈ చిన్న దీవిలో ఒక్క కుటుంబం మీద నిలబడింది. ఆ ఉరబె పెద్దావిడ షిజు మామ్మ భర్త తకెజో ముప్ఫై ఏడో ఏట ఈదుతూ ఈదుతూ నీళ్లలోనే పోయాడు. కొడుకు ఇరవై తొమ్మిదికి అలాగే పోయాడు. ఇద్దరూ జ్వరమన్నది ఎరగని మనుషులు. వాళ్ల గుండె కొట్టుకున్న ప్రతిసారీ తేరుకోవడానికి మామూలు కంటే ఎక్కువసేపు తీసుకుంటుందని, ఈతలాంటి శ్రమలో లయ తప్పి ఆగిపోవచ్చని, అది రక్తంలో వచ్చే జబ్బని తొమొయె కనిపెట్టింది. మనవడూ మునిమనవరాలూ రోజూ మాత్ర వేసుకుని క్షేమంగా ఉన్నారు.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఆ జబ్బు ఎక్కడ మొదలైందో కూడా తేల్చేసింది. తకెజో అన్నల సంతానం నలభై ముగ్గురి రక్తం పరీక్షిస్తే ఒక్కరిలోనూ ఆ లోపం లేదు. కాబట్టి అది తకెజోలోనే కొత్తగా పుట్టిందని వ్యాసం రాసింది. దానికి బహుమతి వచ్చింది. ఆ తర్వాత ఎవరూ అడక్కపోయినా, బంధువుల పెళ్లి విందుల్లో కూడా ఆ సంగతి చెప్పేది.

ఇప్పుడా వంశవృక్షాన్ని మంచి కాగితం మీద అచ్చు వేయించి, చుట్టి, కానుకగా తెచ్చింది. చాప మీద పరిచి, "చూడండి మామ్మగారూ, ఇదిగో ఈ నల్లచుక్క మీ ఆయన. పైన అందరూ తెలుపే. అంతా ఈయనతోనే మొదలు," అంది, తన మనవడి ప్రోగ్రెస్ కార్డు చూపిస్తున్నంత గర్వంగా.

ఎనభై ఎనిమిదేళ్ల షిజు మామ్మ కాగితం మీదికి వంగి చూసింది. "చక్కగా గీశారు. పైన తెలుపు కాక ఇంకేముంటుంది? ఆయన ఈ ఇంట్లో పుట్టలేదుగా," అంది.

తొమొయెకి వెంటనే ఎక్కలేదు. "పుట్టకపోవడమేంటండీ? పుట్టుక రిజిస్టరు నకలు మీరే తెచ్చిచ్చారు."

"అడిగారు, తెచ్చాను. మా అత్తగారికి పురిట్లోనే బిడ్డ పోయాడు. పాలు పొంగి, పిచ్చిదానిలా తిరుగుతోందట. అదే వారం ఇంకో ఇంట్లో ఏడో బిడ్డ పుడితే, పురుడు పోసిన గడ్డి పరుపు మీంచే ఎత్తుకొచ్చి ఈవిడ పక్కలో పడుకోబెట్టారు. ఈవిడే కన్నట్టు రాయించారు. ఆ రోజుల్లో మామూలేగా."

"మరి నాకెందుకు చెప్పలేదు మామ్మగారూ? పంతొమ్మిదేళ్ల నుంచి వస్తున్నాను!"

"మీకు తెలుసనుకున్నాను డాక్టరమ్మా." మామ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. "రక్తం చూస్తే అన్నీ బయటపడతాయని మొదటిరోజు మీరే అన్నారు. తెలిసి కూడా మా పరువు కోసం ఊరుకున్నారు, ఎంత పెద్దమనసో అనుకున్నాను. ఏటేటా ఎండుచేపలు పంపింది ఎందుకనుకున్నారు?"

తొమొయె ఆ చేపలు తన ప్రతిభకి అనుకుని తింది. మామ్మ పరువు పోతుందని తను ఏనాడూ పుట్టుకల గురించి గుచ్చి అడగలేదు. డాక్టరమ్మ అంత మర్యాదగా దాస్తున్నదాన్ని తవ్వకూడదని మామ్మ నోరు విప్పలేదు. మర్యాదలో ఇద్దరూ ఇద్దరే. అన్నల పిల్లల రక్తంతో తకెజో మనవడి రక్తాన్ని ఒక్క పూట పోల్చి చూస్తే తేలిపోయే సంగతి. చూడలేదు. అంత ఖాయంగా తెలిసినప్పుడు ఎవరు చూస్తారు?

అప్పుడు అసలు ప్రశ్న గుర్తొచ్చింది. "ఆ ఇంకో ఇల్లు ఎవరిది?"

"హొంజో వాళ్లది. మీరు వచ్చినప్పుడల్లా టోఫు తింటారే, ఆ కొట్టు." మామ్మ ఆగింది. చేతిలోని విసనకర్ర కూడా ఆగింది. "వాళ్ల నగిసా..."

నగిసాకి పన్నెండేళ్లు. ఆరో తరగతి పిల్లలు ఏటా ఎదుటి తిప్ప నుంచి రేవు దాకా సముద్రంలో ఈదుతారు. ఈ ఏడు ఆ ఈత రేపు పొద్దున. ఈసారి నగిసాదే మొదటి స్థానమని బడిలోనూ సంతలోనూ అదే మాట.

తొమొయె తన సంచీ, అందులో ఎప్పుడూ ఉండే చిన్న గుండె పరీక్ష యంత్రం తీసుకుని లేచింది. గుమ్మం దాటి పది అడుగులు వేసేదాకా ఆమె బుర్రలో తిరిగింది ఆ పిల్ల కాదు, వ్యాసం. బహుమతి వెనక్కిచ్చేయాలా? ఉత్తరం రాస్తే సరిపోతుందా? పదకొండో అడుగులో తన మీద తనకే అసహ్యం వేసి, నడుము నొప్పి సంగతి మరిచిపోయి పరుగులాంటిది అందుకుంది. వెనక నుంచి షిజు మామ్మ అరిచింది. "ఆగండమ్మా! మీరు చెబితే నమ్మరు. అత్తగారికిచ్చిన మాట నాది, నేనే తప్పుతాను."

టోఫు కొట్టులో నగిసా తాత, డెబ్భై రెండేళ్ల హొంజో యసుకే, నీళ్ల తొట్లోంచి టోఫు దిమ్మలు తీస్తున్నాడు. "రండి పిన్నీ! ఏంటి, డాక్టరమ్మగారు కూడానా?"

"ఒరే యసుకే, ఇన్నాళ్లూ వరసకి పిన్నీ పిన్నీ అన్నావుగా. నిజంగానే పిన్నిని. మా ఆయన మీ నాన్న సొంత తమ్ముడు," అని మామ్మ నిలబడే మొత్తం చెప్పేసింది.

తొమొయె జబ్బు సంగతి చెప్పింది. యసుకే చేతుల్లోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. "మా తమ్ముడు పదిహేనేళ్లకి పోయాడు. రేవు దగ్గరే, మెడలోతు నీళ్లలో. కండరం పట్టేసిందన్నారు. అప్పట్నుంచి నేను సముద్రంలో కాలు పెట్టలేదు. ఊరంతా పిరికివాడన్నారు."

"ఆ పిరికితనమే మిమ్మల్ని బతికించిందేమో," అంది తొమొయె.

"పంతొమ్మిదేళ్లు మా బల్ల దగ్గరే కూర్చున్నారు," అన్నాడతను. "రెండోసారి కూడా వడ్డించుకున్నారు."

 తొమొయె తల వంచింది, ఈసారి మర్యాద కోసం కాదు.

నగిసా ఈత దుస్తులతోనే వచ్చింది. "ఒకటో తరగతిలోనే బళ్లో గుండె పరీక్ష చేశారు. బాగుందన్నారు!"

"ఇది ఒక్కోసారి దాక్కుంటుందమ్మా. ఒక్క ఐదు నిమిషాలు పడుకో."

కొట్టు వెనక చాప మీద పడుకోబెట్టి తీగలు అంటించింది. కాగితం బయటికి వచ్చింది. గీత ఎగిరి, దిగి, మళ్లీ మెల్లగా లేచి, చదును కావడానికి ఎంతో సేపు తీసుకుంది. తొమొయె మూడుసార్లు కొలిచింది. ముప్ఫయ్యేళ్లుగా ఇలాంటి గీత కనిపిస్తే లోపల సంబరపడేది. ఇవాళ కొలబద్ద తప్పయితే బాగుండునని దేవుళ్లందరికీ మొక్కింది. కొలబద్ద తప్పు కాలేదు. తర్వాత యసుకే గీత కూడా అలాగే వచ్చింది.

"రేపు వద్దు నగిసా. మీ నాన్న ఫెర్రీ దిగగానే ఆయనకీ చూస్తాను. ఎల్లుండి అందరం పట్నం ఆసుపత్రికి వెళదాం. మాత్రలు మొదలుపెడదాం."

"ఇంక ఎప్పటికీ ఈదకూడదా?"

తొమొయె దగ్గర ఈ ప్రశ్నకి శాతాలూ పట్టికలూ ఉన్నాయి. వాటిని ఎన్నో సభల్లో చదివింది. "తెలీదు," అంది. "రేపు మాత్రం వద్దు."

"రిటైరయిపోయారుగా, మీ మాట ఎందుకు వినాలి? మీరు గీసిన వంశవృక్షమే తప్పని మామ్మ చెప్పింది!"

"అవును, తప్పే. పంతొమ్మిదేళ్లు తప్పు ఇంటి చుట్టూ తిరిగాను. అందుకే ఈ ఒక్కసారి విను."

నగిసా తాత వైపు చూసింది. తాత తలుపుకి వేలాడుతున్న ఈత టోపీ తీసి తన నడుంగుడ్డలో దోపుకున్నాడు. ఆ పిల్ల ఏడుస్తూ మెట్ల వైపు వెళ్లింది. పైన తలుపు దభాలున మూసుకుంది.

"ఏడవనివ్వండి," అన్నాడు యసుకే. మెట్ల వైపు చూసి, భయంగా, "ఏడిస్తే ప్రమాదం లేదుగా?" అన్నాడు.

తొమొయె నిజాయితీగా ఆలోచించింది. "పరిగెత్తకుండా ఏడిస్తే లేదు."

"నేనేం పరిగెత్తలేదు!" పైనుంచి ముక్కు చీదుతూ అరిచింది నగిసా. "నడిచే ఎక్కాను!"