ఇరవై ఏడో రాయి

పొద్దున ఆరున్నర బస్సుకు ధర్మవరంలో ఎక్కి పెనుకొండలో దిగేసరికి నీలావతికి సగం ఓపిక అయిపోయేది. మిగిలిన సగాన్ని నల్లగుండ్లపల్లికి పోయే షేర్ ఆటో మింగేది. ఏడు నెలలుగా ఇదే తిరుగుడు. చంకలో ఫైలు, సంచిలో కొలత టేపు, డబ్బాలో చిత్రాన్నం. ఆ చిత్రాన్నం ముఖం చూస్తేనే ఈ మధ్య ఆమెకు విసుగు పుట్టేది.

ఆ ఊరికి కరెంటు డ్యాం వస్తోంది. కొండ మీద ఒక డ్యాం, కొండ కింద ఒక డ్యాం. పగలు ఎండ కరెంటుతో నీళ్లను పైకి తోడి, పొద్దుగూకాక కిందికి వదిలి మళ్లీ కరెంటు తీస్తారట. ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. ఈ ఏర్పాటు నీలావతికి ఇంజనీర్ల కంటే బాగా అర్థమైంది, తన బతుకూ అదే కనుక. కింది డ్యాం నిండితే ఊరు మునుగుతుంది. ఎవరెవరి ఇల్లు పోతుందో కనుక్కుని జాబితాలో రాయడం ఆమె ఉద్యోగం. జాబితాలో పేరుంటే పెనుకొండ రోడ్డు పక్కన ఇల్లు, పరిహారం. లేకపోతే ఏమీ లేదు. నీళ్లు ఎంతవరకు వస్తాయో కొలిచి ఇంజనీర్లు వరసగా నంబరు రాళ్లు నాటించారు. రాళ్లకు దిగువన ఉన్న నలభై ఒక్క ఇళ్లు జాబితాకెక్కాయి. ఎగువన ఉన్నవాళ్లతో ఎవరికీ పని లేదు.

రాళ్లు నాటిన మర్నాటి నుంచే ఊళ్లో జనం తడిసి నిద్ర లేవడం మొదలైంది. కింది వీధి శ్రీరాములు మెడదాకా తడిసేవాడు. రేపు డ్యాం నిండాక ఆయన ఇంట్లో నీళ్లు మెడదాకా నిలవబోతున్నాయి గనుక అందులో వింతేమీ లేదు. పెనుకొండ బస్సులో కండక్టరు ఆయన్ను వెనక సీటుకు పొమ్మనేవాడు, అంతే. వచ్చిన చిక్కల్లా బట్టలు ఆరకపోవడమే. పైగా ఆ నీళ్లు దేనికీ పనికిరావు. పిండితే ధారగా కారి, నేల తాకకముందే మాయమైపోయేవి. ఒక్క మిరప మొక్కకైనా అందేవి కావు. అందుకని ఆడవాళ్లు తడి చీరలతోనే బిందెలు పట్టుకుని ట్యాంకరు కోసం ఎండలో నిలబడేవారు.

ఇరవై ఏడో రాయి ఊరికి చివరన, బుజ్జమ్మ గడప పక్కనే ఉంది. దానికి కాస్త ఎగువన హనుమమ్మ కొట్టం. డెబ్బై ఏళ్ల మనిషి. ముప్పై గొర్రెలున్నాయి, మొగుడు లేడు, పట్టా లేదు. ఆమె మోకాళ్లదాకా తడిసేది.

"నా పేరు రాసుకుంటివా బిడ్డా?" నీలావతి కనబడితే చాలు, అదే మాట.

"నీ కొట్టం రాయికి పైన ఉండాది అవ్వా. నీకు నీళ్లు రావు."

"రాకపోతే ఇదేంది?" అని కుచ్చిళ్లు పిండి చూపించేది.

ఫారంలో తడికి గడి లేదు. శుక్రవారంతో జాబితా మూసేస్తారు, ఆ తర్వాత ఎవరు మొత్తుకున్నా పేరు ఎక్కదు. ఊరంతా వెళ్లిపోయాక ఈ ముసలామె ఒక్కతే గొర్రెల మధ్య పడుకుని ఉండగా నీళ్లు వస్తాయి. అది తలుచుకుని నీలావతి ఫారం మళ్లీ మొదటినుంచి చదివేది. కానీ అంతలోనే ఐదింటి ఆటోకు టైమయ్యేది.

బుధవారం ఇంటికొచ్చి గడప మీదే కూలబడింది. వాళ్ల నాయన కదిరప్ప మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని పట్టుచీర నేస్తున్నాడు. ఆ ఊరి సంగతులన్నీ ఆయనకు రోజూ కావాలి.

"ఆ పైన ఉండే అవ్వకు ఇంకా తడుస్తాందా?"

"మోకాళ్లదాకా."

"రాయి కాడుండే బుజ్జమ్మకు?"

"నడుం దాకా నాయనా. రోజూ అంతే."

పోగుల మధ్య అటూ ఇటూ తిరిగే నాడె కదిరప్ప చేతిలో ఆగింది. "మన గుంతలోకి వాననీళ్లొచ్చిన ఏడు గుర్తుండాదా? తడి గీత చుట్టూ గోడకు ఒకే ఎత్తులో పడింది. నీళ్లు యాడైనా సమంగానే నిలబడతాయి కదమ్మా. రాయి బుజ్జమ్మ గడప కాడ ఉంటే ఆయమ్మకు పాదాలు తడవాల. నడుమెట్ల తడుస్తాది?"

నీలావతి ఆ లెక్క వేళ్ల మీద వేసుకుంది. ఏడు నెలలు బుజ్జమ్మ పక్కన నిలబడి, ఆమె చీర పిండుకుంటుంటే చూస్తూ ఫారాలు నింపింది. ఒక్కసారీ తట్టలేదు. అంతగా అలిసిపోయానా అనుకుని సిగ్గుపడింది.

గురువారం టేపు తీసి కొలిచింది. బుజ్జమ్మకు గడప నుంచి తడి గీతదాకా మూడడుగులు. హనుమమ్మకు అడుగున్నర. మేస్త్రీలు మట్టం చూసే నీళ్ల పైపు తెచ్చి పట్టి చూస్తే రాయికంటే కొట్టం అడుగున్నర ఎత్తులో ఉంది. లెక్క సరిగ్గా కుదిరింది. రాయే మూడడుగులు కిందికుంది.

శుక్రవారం జాబితా మూయడానికి హైదరాబాదు నుంచి వేణుగోపాల్ వచ్చాడు. నీలావతి పైఅధికారి. ఇదివరకే నాలుగు డ్యాముల జాబితాలు మూసినవాడు, కళ్ల కింద చర్మం నల్లగా వేలాడుతోంది.

"చీర తడిసిందని రిపోర్టులో రాయలేమమ్మా," అన్నాడు.

"చీర సంగతి రాయొద్దు సార్. రాయి మీద అభ్యంతరం అని రాయండి. గడువులోపల అభ్యంతరం వస్తే మళ్లీ కొలవాలని మన నిబంధనల్లోనే ఉంది. ఏడు నెలలుగా ఆ పేజీని మోస్తున్నా."

"ఇన్నాళ్లలో ఆ పేజీ తీసినవాళ్లు లేరు," అని వేణుగోపాల్ నిట్టూర్చి, లెవెల్ మిషన్ మనిషికి ఫోన్ చేశాడు.

అతను మధ్యాహ్నం మూడింటికి వచ్చాడు. రెండుసార్లు చూశాడు, మిషన్ తుడిచి మూడోసారి చూశాడు. మూడడుగులు తక్కువ. అప్పటికి ఊరంతా అక్కడే ఉంది. గుంపులోంచి శ్రీరాములు ముందుకొచ్చాడు, మెడదాకా తడిసిన చొక్కాతో.

"ఈ రాయి నేనే నాటినాను సార్. చెప్పిన చోట అంతా బండ. గడ్డపార దిగలేదు. పొద్దు నెత్తికెక్కింది. మెత్తగా ఉండే చోటు చూసి కిందికొచ్చి నాటేస్తి. రాయే కదా, యాడుంటే ఏమిలే అనుకుంటి." హనుమమ్మ వైపు చూడలేక తల దించుకున్నాడు. "ఆ పొద్దు మాకు మజ్జిగ పోసింది కూడా ఈ అవ్వే."

"పోస్తి," అంది హనుమమ్మ. "ఉప్పెక్కువైందని కూడా అంటివి."

శ్రీరాములును ఎవరూ తిట్టలేదు. తిట్టేంత ఓపిక ఎవరికీ లేదు. ఆయనే రాయి పెరికి భుజాన వేసుకుని, కొట్టం దాటి పైకి మోసుకెళ్లాడు. అక్కడి బండ మీద సిమెంటు పెట్టి నిలబెట్టాడు. నీలావతి జాబితా తెరిచి నలభై రెండో వరసలో హనుమమ్మ పేరు రాసి, వేలిముద్ర వేయించింది. వేణుగోపాల్ కింద సంతకం పెట్టి జాబితా మూసేశాడు.

"అయిపోయినట్టేనా?" అంది హనుమమ్మ.

"అయిపోయింది అవ్వా. రోడ్డు పక్కన నీకూ ఇల్లు వస్తాది."

"గొర్రెలకు?"

"దొడ్డికి జాగా కావాలని రాసినా."

హనుమమ్మ తలూపి, అలవాటు ప్రకారం కుచ్చిళ్లు దగ్గరికి తీసి పిండింది. నీళ్లు ధారగా కారాయి. ఈసారి నేల మీద పడ్డాయి. ఎర్రమట్టి నల్లబడి చిన్న మడుగు కట్టింది. దొడ్డిలోంచి ఒక గొర్రెపిల్ల వచ్చి మూతి పెట్టింది. అందరూ చూశారు.

"అయితే నిజంగానే వస్తాయన్నమాట," అంది హనుమమ్మ మెల్లగా. "మీరు రాయలేదు గదా, రావేమోలే అని యాడో ఒక మూల అనుకుంటాంటి."

నీలావతికి ఏడుపొచ్చింది. పేరెక్కించానన్న సంతోషం ఆ ఒక్క మాటతో ఎటో పోయింది. కింద ఐదింటి ఆటో హారన్ కొట్టింది, మళ్లీ కొట్టింది. ఆమె ఫైలు రాతి మీద పెట్టి, అవ్వ పక్కన గొంతుక్కూర్చుని, చీర రెండో కొస తాను పట్టుకుంది. ఇద్దరూ కలిసి మెలిపెట్టి పిండుతుంటే గొర్రెలు ఒక్కొక్కటే వచ్చి తాగసాగాయి.