ఎడమచేతి గులాబీలు

నేను ఒక గులాబీల గుత్తిని. తోటలోవి కావు, తెల్ల దోసూతి గుడ్డ మీద సూదీ దారంతో పూసి, అద్దం చట్రంలో బందీ అయినవి. కుట్టుపూలకు పగేమిటని నవ్వకండి. సూదితో పొడిపించుకుని పొడిపించుకుని పుట్టినదాన్ని, నా మనసు మెత్తగా ఎలా ఉంటుంది?

నన్ను కుట్టింది భ్రమరాంబ. కాకినాడలో ఓ ఇంటికి కొత్త కోడలు. ఆమెది ఎడమచేతి వాటం. అన్నం మాత్రం కుడిచేత్తో తిని, తక్కిన పనులన్నీ ఎడమచేత్తోనే చేసేది. అదే అత్తగారికి గిట్టేది కాదు. "ఎడం చేత్తో కుట్టిన గుడ్డ ఇంట్లో ఉంటే కలిసొచ్చుద్దా? నా కళ్ళబడనీకు!" అని కసిరేది. పాపం భ్రమరాంబ వంట ముగించుకుని, పెరటి గట్టు మీద చాటుగా కూర్చుని నన్ను కుట్టుకునేది. దారం సూదిలోకి ఎక్కకపోతే నాలుకతో తడిపి మళ్ళీ ఎక్కించేది. నాకు తెలిసిన ముద్దు అదొక్కటే.

ఇంకొక్క మొగ్గ పూర్తి కావాలి. అంతలో ఆడపడుచు హైమావతికి పెళ్ళిచూపులు కుదిరాయి. పిల్లకు కుట్టుపని వచ్చని చూపించాలి కదా! హైమావతికి సూది ఏ చివర పట్టుకోవాలో కూడా తెలియదు. ఎడమచెయ్యి అరిష్టమన్న ఆ అత్తగారే నన్ను గుడ్డ బిగించిన కుట్టు రింగులోంచి ఊడబెరికి, అద్దం కట్టించి, హాల్లో తగిలించింది. అరిష్టం ఎటు పారిపోయిందో మరి! "మా హైమ కుట్టిందండీ" అంది. మొగ్గ సగమే ఉందేమని పెళ్ళివారు అడిగితే, "దిష్టి తగలకుండా వదిలేసిందండీ, మా పిల్ల తెలివి చూశారా!" అంది. వాళ్ళు మురిసిపోయారు. కాఫీలు అందిస్తున్న భ్రమరాంబ నా సగం మొగ్గ వంక ఒక్కసారి చూసి, చప్పున కళ్ళు దించుకుంది. ఎవరూ చూడలేదు, నేను చూశాను. నా పగ ఆ రోజే పుట్టింది.

హైమావతితో పాటు నన్నూ అదే ఊళ్ళోని అత్తారింటికి పంపారు. వచ్చిన ప్రతి చుట్టానికీ ఆమె నన్ను చూపించి, "కళ్ళు పోయేలా కుట్టానండీ" అని చెప్పేది. చెప్పగా చెప్పగా తనే నమ్మేసింది. మేకు ఊడితే ఆమె నెత్తిన పడదామని ఏళ్ళ తరబడి కాచుకున్నాను. దిక్కుమాలిన మేకు, గట్టిది.

ఈమధ్య ఊళ్ళో మహిళా మండలి వాళ్ళు పాత చేతిపనులకు విలువ కట్టే కార్యక్రమం పెట్టారు. మేలైన వాటిని, కుట్టినవారి పేరుతో సహా ప్రదర్శనశాలలో ఉంచుతారట. హైమావతి పట్టుచీర కట్టింది. తనకు మోకాళ్ళ నొప్పులు గనక నన్ను మొయ్యడానికి వదినకు కబురు పెట్టింది. అవును, భ్రమరాంబకే! "జాగ్రత్త వదినా, నా చేతిపని అది" అని హెచ్చరించింది కూడా. తల నెరిసిన భ్రమరాంబ నన్ను గుండెకు ఆనించుకుని నడిచింది.

విలువ కట్టడానికి హైదరాబాదు నుంచి నఫీసా అనే ఆవిడ వచ్చింది. అద్దం తీయించి, నన్ను వెనక్కీ ముందుకీ తిప్పి, భూతద్దంతో చాలాసేపు చూసింది.

"ఎవరు కుట్టారమ్మా?"

"నేనేనండీ."

"మీది ఎడమచేతి వాటమా?"

"ఛీఛీ! మా ఇంటావంటా లేదండీ అలాంటి దరిద్రం!"

ఓసి పిచ్చిదానా, నీ గొయ్యి నువ్వే తవ్వుకున్నావు! నేను ఎన్నాళ్ళుగానో కాచుకున్నది ఈ మాట కోసమే.

నఫీసా నా కాడ మీద వేలు పెట్టి చూపించింది. "కుడిచేత్తో కుట్టేవాళ్ళకి కాడలో దారం మెలి ఇటు తిరుగుద్ది. ఇక్కడ ప్రతి కాడా అటు తిరిగింది. మొగ్గ కూడా కావాలని వదిలింది కాదమ్మా. దారానికి ముడైనా వెయ్యనివ్వకుండా గుడ్డ లాగేశారు ఎవరో."

హైమావతి ముఖం కందగడ్డయింది. "వదినా, చెప్పవేం? నేనే కదా కుట్టింది!" అని గద్దించింది.

భ్రమరాంబ బల్ల మీదున్న సూది ఎడమచేత్తో అందుకుంది. దారం నాలుకతో తడిపి ఎక్కించి, అందరి ఎదుటా ఒక గుడ్డపేలిక మీద చిన్న కాడ కుట్టింది. నఫీసా దాన్ని నా పక్కన పెట్టింది. రెండు మెలులూ ఒక్కటే.

"తీసుకో! నీ ఎడంచేతి దరిద్రం నువ్వే మొయ్యి!" అని నన్ను వదిన మీదికి తోసేసి హైమావతి ఆటో ఎక్కేసింది. తొందరపడింది. నా విలువ ఎంతో నఫీసా చెప్పింది ఆ తర్వాతే. వినగానే భ్రమరాంబ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "ఈ సంగతి హైమకి చెప్పకండమ్మా, బాధపడుద్ది" అంది. భ్రమరాంబ మంచిది. నేను కాదు. మండలి హాల్లో అంతమంది ఆడవాళ్ళు విన్నందుకు నేనెంత సంతోషించానో! సాయంత్రానికల్లా అది హైమావతి వీధికి చేరింది.

ఇప్పుడు నేను ప్రదర్శనశాలలో ఉన్నాను, సగం మొగ్గతోనే. నా కింద 'కుట్టినవారు: భ్రమరాంబ' అని రాసి ఉంది. ఆమె అప్పుడప్పుడూ వచ్చి, ఆ అక్షరాలను ఎడమచేత్తో తడిమి వెళుతుంది.

హైమావతి ఇంటి సంగతులు, నన్ను చూడవచ్చే ఆడవాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. ఆమె హాల్లో నేనున్న చోట సున్నం మాయకుండా తెల్లగా నలుచదరం మిగిలిందట. వచ్చిన ప్రతి చుట్టమూ "ఇక్కడ మీరు కుట్టిన పూలుండాలి కదండీ, ఏవీ?" అని అడుగుతున్నారట. కనీసం మేకైనా పీకేద్దామని చూస్తే, అదీ రాలేదట. గట్టిదని ముందే చెప్పాను కదా.