చూపుకానుక

సున్నం వడకట్టిన గుడ్డను ఒమురాలి గట్టిగా పిండి, బకెట్టు అంచున ఆరేశాడు. వేళ్ల పగుళ్లలోకి ఎక్కిన సున్నం ముప్ఫై ఏళ్లుగా అక్కడే ఉంది. మే పండుగల లోపు కరకోల్ పట్నం వీధుల్లో ప్రతి పాప్లర్ చెట్టుకూ నడుమెత్తు వెల్ల వేయాలి. ఈరోజు బస్సుల అడ్డా వీధి. నలభై రెండు చెట్లు. రేపటినుంచి అతను మునిసిపాలిటీ మనిషి కాడు. పొద్దంతా బొమ్మలు వేసుకుంటాడు.

ఉద్యోగం మాని బొమ్మలు వేసుకోమని భార్య బత్మా పెళ్లయిన ఏడాదే చెప్పింది. ఇంటికి కప్పు వేశాక అన్నాడు. కూతురి చదువయ్యాక అన్నాడు. ఇప్పుడు బత్మా కడుపులో గడ్డతో మంచం పట్టింది. డాక్టరు మందుల మాట ఎత్తడం మానేశాడు. అప్పుడు గానీ ఒమురాలికి తీరిక దొరకలేదు.

"రేపట్నుంచి గొప్పోడివి అన్నా! మేం ఎదురుపడితే గుర్తుపడతావా?" పక్క వరసలో వెల్ల వేస్తున్న గుల్సున్ అరిచింది.

"నిన్ను కాదుగానీ నీ చెట్లను గుర్తుపడతా. ఒక్కదాని గీతా సమంగా ఉండదు."

మధ్యాహ్నం ఇంటికి వెళ్లి, ఉప్పూ పాలూ వేసిన టీలో రొట్టె నానబెట్టి బత్మాకు పెట్టాడు. మూడు చెంచాలు తింది. గోడవైపు తిప్పి ఉన్న బొమ్మను గడ్డంతో చూపించింది. అది ఆమె బొమ్మే. ఇరవై ఏళ్ల బత్మా, పిండి పిసుకుతూ. చేతులు మాత్రం కుదరడం లేదు. ఆరుసార్లు గీకేశాడు.

"చూపించు, ముసలాడా."

"చేతులు మిగిలాయి."

"నా చేతులు నాకు తెలీవా?"

"సగం పని ఎవరికీ చూపించను. సాయంత్రం చూద్దువులే."

ఆమె దిండు కింద నుంచి ముడివేసిన రుమాలు తీసింది. కొత్త కోడలినైనా, పసిబిడ్డనైనా మొదటిసారి వట్టిచేతులతో చూడకూడదని అక్కడి ఆచారం. "చూపుకానుక ఎప్పుడో కట్టిపెట్టుకున్నా. సగం చూపిస్తే సగం ఇస్తా, పో."

"ఏముంది అందులో?"

"చూపిస్తే తెలుస్తుంది." నవ్వబోతే దగ్గు వచ్చింది.

పక్కింటి సబీరాను కూర్చోమని చెప్పి అతను పనిలోకి పోయాడు.

నాలుగింటికి మూడు చెట్లు మిగిలాయి.

"నువ్వు పో అన్నా, వదిన చూస్తుంటది. ఇవి నేను కానిస్తా."

"నీకు వదిలితే వరసంతా పాడవుద్ది."

దారం కట్టి, గీత సరిచూసి, మూడూ పూర్తిచేశాడు. గంట పట్టింది. ఆ వారమే వాన పడి ఆ సున్నం కారిపోయింది.

గుమ్మంలో సబీరా నిలబడి ఉంది.

"ఎప్పుడు?"

"ఇంకా అరగంట కాలేదు అన్నా. తలుపు చప్పుడైందా అని రెండుసార్లు అడిగింది. బొమ్మ ఇటు తిప్పనా అక్కా అన్నాను. వద్దంది. ఆయనే చూపించాలంట."

చేతులు కడుక్కోకుండానే ఒమురాలి లోపలికి వెళ్లి, ఆమె గుప్పిట్లోంచి రుమాలు తీసుకున్నాడు.

వాకిట్లో శవాన్ని ఉంచడానికి గుడారం వేశారు. ఆడవాళ్లు లోపల శోకాలు పెట్టారు. అతను బయట కర్రమీద వంగి, అక్కడి ఆచారంలో మగవాళ్లు ఏడ్వాల్సిన తీరున గొంతెత్తి ఏడ్చాడు. ఆ పనీ సగంలో వదల్లేదు.

ఖననమైన మూడో రోజున బొమ్మ ముందు కూర్చున్నాడు. చేతులు ఒక్క పూటలో వచ్చేశాయి. సబీరా చూసి కళ్లు తుడుచుకుని, తన మెడలోని శాలువా తీసి కానుకగా పెట్టబోయింది.

"తీసుకుపో. మొదటి చూపు నీది కాదు."

కూతురు రుమాలు చూసింది. "విప్పు నాన్నా. అమ్మ నీకే కట్టింది."

"నేను చూపించలేదుగా."

ఇప్పుడు పొద్దంతా బొమ్మలే వేస్తాడు. బొమ్మల బల్ల పక్కన మేకుకు ఆ రుమాలు వేలాడుతోంది. ముడి మీద సున్నపు వేలిముద్ర ఒకటి, తెల్లగా.