లేని విమర్శకుడు

కూతురి కాలేజీ నుంచి ఫోను వచ్చినప్పుడు ఆవిడ ఉతికిన దుప్పటి దండెం మీద ఆరేస్తోంది. ఇంగ్లీషు లెక్చరరు ఒకసారి వచ్చి కలవమంది. పదిమందిలో మెచ్చుకుంటారేమోనని ఆవిడకి లోలోపల చిన్న ఆశ పుట్టింది. ఆశకేం, చెప్పులు వేసుకునేలోపే చప్పట్ల దాకా వెళ్ళిపోయింది.

కారణం లేకపోలేదు. మూడు వారాలుగా కూతురూ, దాని క్లాసు పిల్లలు మరో ఐదుగురూ సాయంత్రాలు ఆవిడ భోజనాల బల్ల చుట్టూ చేరి పరీక్షకి తయారవుతున్నారు. ఆధునిక అమెరికన్ విషాద నాటకం ఒకటి వాళ్ళకి పాఠం. అందులో పియానోలు శ్రుతి చేసే మనిషి ఒకడు తన చెవులు పోయిన సంగతి ఊరంతటికీ దాచి, ఆఖరికి అందరి ముందూ కూలిపోతాడు. డిగ్రీలో ఆవిడకీ అదే నాటకం. వ్యాసం ఎలా ఎత్తుకోవాలో, నాయకుడి లోపం ఎక్కడ చెప్పాలో, విమర్శకుడి మాట ఎక్కడ పొదగాలో గడగడా చెబుతుంటే పిల్లలు తలెత్తకుండా రాసుకున్నారు. ఇరవై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఆవిడ మాటలు ఎవరైనా రాసుకున్నారంటే అది సరుకుల చీటీయే. అయినదానికీ కానిదానికీ వాదనకి దిగి ప్లీడరమ్మ అని పేరు తెచ్చుకున్న కూతురు కూడా నోరు మూసుకుని రాసింది.

స్టాఫ్ రూములో లెక్చరరు బల్ల మీద ఆరు ఆన్సరు పేపర్లున్నాయి. ఆరింటిలోనూ ఒకే వాక్యం కింద ఎర్రగీత. ప్లీడరమ్మ బల్ల పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"ఇది ఆరుగురూ ఒకే విమర్శకుడి పేరు మీద రాశారండీ," అంది లెక్చరరు. "‘అతణ్ణి పడగొట్టింది చెవుడు కాదు, వినబడుతోందని చెప్పిన మాట.’ చాలా మంచి వాక్యం. ఈ విమర్శకుడి కోసం మూడు లైబ్రరీలు వెతికాను. ఎక్కడా దొరకలేదు."

ప్రీఫైనల్లో చీటీ తిరిగిందని తోటి లెక్చరర్లు అంటున్నారట. కాపీ అని తేలితే ఆరుగురికీ హాల్ టికెట్లు ఆపేస్తారట. పిల్లలేమో ఆంటీ చెప్పిందన్నారు. ఆ విమర్శకుడి పుస్తకం పేరు కాస్త చెబితే గొడవ వదిలిపోతుందట.

దొరకడు. ఎలా దొరుకుతాడు? ఆయన పుట్టిందే ఆవిడ డిగ్రీ ఆఖరి ఏడాది పరీక్ష హాల్లో, మూడో గంటలో. విమర్శకుడి మాట ఒకటి పడితే రెండు మార్కులెక్కువని అందరూ అనేవారు. ఆవిడకి ఒక్కటీ గుర్తుకు రాలేదు. చేతిలో పెన్సిలు మీది పేరులో ముందు సగం, తల మీద ఫ్యాను పేరులో వెనక సగం తీసి అతికించి ఒక పెద్దమనిషిని తయారుచేసి, తన వాక్యం ఆయన నోట పెట్టింది. మార్కులు బాగానే పడ్డాయి. తర్వాత పెళ్ళైంది, సంసారమైంది, పెద్దమనిషి మాత్రం ఎక్కడికీ పోలేదు. నలుగురిలో సాహిత్యం ఊసు వస్తే ఆయన్ని తలుచుకునేది. పిల్లలకి చెప్పేటప్పుడు కూడా నాలుక తడబడలేదు.

"పాత పుస్తకమండీ," అంది ఆవిడ. "మా కాలేజీ లైబ్రరీలో ఉండేది. ఇప్పుడుందో లేదో."

అబద్ధానికి బయటికి రావడం ఏమీ కష్టం కాలేదు. లెక్చరరు నమ్మడానికి సిద్ధంగానే ఉంది. ఎర్ర పెన్నుకి మూత కూడా పెట్టేసింది. అంతటితో లేచి ఇంటికి పోవచ్చు.

"అవును మేడమ్, ఎర్రట్ట పుస్తకం," అంది ప్లీడరమ్మ. "అమ్మ పాత నోట్సులో పేజీ నంబరుతో సహా ఉంది. నేను చూశాను."

నోట్సు లేదు. ఎర్రట్టా లేదు. పిల్ల కళ్ళల్లో బెరుకు కూడా లేదు. అమ్మ చెప్పింది నిజమేనని నమ్మి, ఆ నిజానికి తనో చెయ్యి వేస్తున్నాననుకుంటోంది. ఆవిడకి సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది.

"లేదండీ," అంది. "పుస్తకం లేదు. ఆయనా లేడు. అప్పుడు పరీక్షలో నేనే కల్పించాను. వీళ్ళకి తెలియదు."

పక్క బల్ల దగ్గర భోజనం చేస్తున్న లెక్కల మాస్టారు నమలడం ఆపాడు. తిట్టినా బాగుండేది, లెక్చరరు ఆ మాటే రాసిమ్మని తెల్లకాగితం ముందుకు తోసింది. ఫస్టు క్లాసు తెచ్చుకున్న చేతికి నాలుగు వాక్యాలు రాయడానికి మూడు కాగితాలు పట్టాయి. కాపీ కింద రాయను గానీ ఆ వ్యాసానికి మార్కులు వెయ్యలేనంది లెక్చరరు. మిగతా ఐదుగురికీ మీరే చెప్పండి అని కూడా అంది.

మెట్లు దిగుతుండగా కూతురు అడిగింది.

"ఇంకేం కల్పించావమ్మా?"

వాదించే గొంతు కాదది. ఉప్పుందా, పంచదారుందా అని అడిగినంత మామూలుగా అడిగింది. ఆవిడ నిజాయితీగా వెతుక్కుంది.

"కల్పించింది అదొక్కటేనే. కానీ మూడో అంకం చదవలేదు. గైడు చూసి రాశాను."

"సరే," అంది పిల్ల.

గేటు దగ్గర ఐదుగురూ ఎదురుచూస్తున్నారు. ఆవిడని చూడగానే గండం గడిచినట్టే మొహాలు విప్పారి, "ఆంటీ" అంటూ చేతులూపారు. ప్లీడరమ్మ తల్లి పక్కన ఆగలేదు. వెళ్ళి వాళ్ళ వరసలో ఆరో మనిషిగా నిలబడి, వినడానికి ఇటు తిరిగింది.