చెల్లెలు చెరిపేసిన బొమ్మలు

అక్కాచెల్లెళ్ళిద్దరూ దుప్పట్ల మిల్లుకు అచ్చు డిజైన్లు చేసి ఇచ్చేవారు. గీసేది చెల్లెలు, బేరం మాట్లాడేది అక్క. చెల్లెలికి నలుగురిలో నోరు పెగలదు. అక్క మాటలు కోటలు దాటేవి. చెల్లెలు ఏ బొమ్మ గీసినా అక్క పక్కన కూర్చుని ఆకులు ఎక్కువయ్యాయనో, రంగు ముదిరిందనో ఏదో ఒకటి మార్పించేది. చెల్లెలు ఊఁ కొట్టి మార్చేది.

ఒకరోజు మిల్లు మేనేజరు వాళ్ళ ఆఫీసుకొచ్చి, ఇంత బాగా గీసేది ఎవరని అడిగాడు.

"నేనేనండీ. మా చెల్లి కంప్యూటర్ పని చూసుకుంటుంది" అంది అక్క.

పక్కగదిలో ప్రింటర్ దగ్గరున్న చెల్లెలికి ఆ మాట స్పష్టంగా వినబడింది. నమూనా కాగితాలు తెచ్చి బల్లమీద పెట్టి, మేనేజరుకు మర్యాదగా నవ్వి, తన పనికి తాను వెళ్ళిపోయింది.

మర్నాడు ఆమె రాలేదు. అక్క కంప్యూటర్ తెరిస్తే డిజైన్ల ఫోల్డరు ఊడ్చిపెట్టినట్టుంది. తీసేసిన ఫైళ్ళు చేరే రీసైకిల్ బిన్ కూడా ఖాళీ. ఆ వారమే మిల్లుకు పంపాల్సిన బొమ్మలన్నీ అందులోవే. అక్క మళ్ళీ మళ్ళీ ఫోన్ చేసింది. చెల్లెలు ఫోనెత్తలేదు.

కంప్యూటర్లు బాగుచేసే అతను వచ్చి, కంగారుపడొద్దన్నాడు. ఫైలు సేవ్ చేసిన ప్రతిసారీ ఈ కంప్యూటర్లో పెట్టిన బ్యాకప్ ఏర్పాటు దాని పాత రూపాన్ని తనంతట తానే విడిగా దాచుకుంటుందనీ, ఫైలు తీసేసినా ఆ కాపీలు పోవనీ చెప్పాడు. ఒక్కొక్కటే వెనక్కి తెచ్చి ఇచ్చాడు. అక్కకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

అతను వెళ్ళాక ఆమె ఒక తీగల డిజైను తెరిచింది. దాని పాత రూపాలన్నీ వరసగా ఉన్నాయి. మొదటిదాంట్లో తీగ అంచు దాటి పొగరుగా పాకుతోంది. తను చెప్పిన ఒక్కో మార్పుకూ అది ఒదుగుతూ, చిక్కుతూ, చివరికి గీతగీసినట్టు బుద్ధిగా నిలబడింది. మరో బొమ్మ తెరిచింది. అదీ అంతే. తన చెయ్యి పడ్డ చోటల్లా ప్రాణం పోయింది.

సాయంత్రం చెల్లెలే ఫోన్ చేసింది.

"ఫైళ్ళు దొరికాయే" అంది అక్క. "జరిగిందేదో జరిగింది, రేపు వచ్చెయ్."

"దొరికాయిగా అక్కా, ఇంక నాతో పనేముంది?"

"అన్నీ తుడిచేసి వెళ్తావా? మనసెలా వచ్చింది నీకు?"

"నేను గీసినవే తుడిచాను. నువ్వు గీసినవి ఏవైనా పోతే చెప్పు."

అక్క ఫోన్ పెట్టేసింది.

మిల్లుకు అక్క మొదటి రూపాలనే పంపింది. మేనేజరు పొంగిపోయాడు. ఆపైన వచ్చిన ప్రతి ఆర్డరుకూ, ఒకప్పుడు తను వద్దని మార్పించిన బొమ్మల మొదటి రూపాల్ని తవ్వి తీసి, తన పేరుతోనే ఇచ్చింది. కొంతకాలానికి అవీ అడుగంటాయి. తనే గీద్దామని కూర్చుంది. తీగ వంపు తిరగలేదు.

కొత్తవి ఎప్పుడిస్తారని మేనేజరు రెండుసార్లు అడిగి, మూడోసారి చేతిలో ఓ దుప్పటితో వచ్చాడు. వేరే మిల్లుదట. దానిమీద తీగలు అంచు దాటి పాకుతున్నాయి.

"ఇవి మీ చెల్లెలు గీస్తోందటండీ. అచ్చం మీ చెయ్యే" అన్నాడు. "మీ దగ్గరే నేర్చుకున్నట్టుంది?"

అక్క దుప్పటి అంచును వేళ్ళతో సరిచేసింది.

"అవునండీ" అంది.