తోమని రూపాయి

అమలాపురంలో ఒక కల్యాణ మండపంలో పాత నాణేల ప్రదర్శన పెట్టారని తెలిసి, నా ఆల్బమ్ సంచిలో వేసుకుని వెళ్ళాను.

నేను రాజోలు డిపోలో ముప్పై మూడేళ్ళు కండక్టరుగా చేశాను. నాణేల పిచ్చి ఆ టిక్కెట్ల సంచి వల్లే పట్టుకుంది. అందులో వింత బిళ్ళ కనబడితే నా జేబులోంచి అంత డబ్బు వేసి దాన్ని తీసుకునేవాణ్ణి. కొన్ని డబ్బు పోసి కొన్నాను కూడా. ఇప్పుడు అవన్నీ అమ్మి, నా భార్య విజయకుమారిని కాశీ తీసుకెళ్తానని మాటిచ్చాను.

మండపంలో మురళీమోహన్ అనే వ్యాపారి నా ఆల్బమ్ ఒక్కొక్క పేజీ తిప్పాడు. తామరపువ్వు ఇరవై పైసల దగ్గర తల ఊపాడు. జార్జి రాజు వెండి రూపాయలు నాలుగు ఉంటే, వెలుగులో పెట్టి చూసి నవ్వాడు.

"చింతపండు పెట్టి తోమేరా అండీ?"

"ప్రతి శ్రావణ శుక్రవారం. మా ఇంట్లో లక్ష్మీదేవి పూజకి పెడతాం."

"అమ్మవారు సంతోషించే ఉంటారు లెండి. మాకు మాత్రం వెండి ధరే. నాణెం మీద నలుపు పోతే మా దగ్గర విలువ కూడా పోద్దండి."

తరువాతి పేజీలో రాముల వారి నాణెం ఉంది. ఒకవైపు పట్టాభిషేకం, రెండోవైపు తెల్లదొరల కంపెనీ పేరు, 1818. నేను అన్నిటికంటే ఎక్కువ పోసి కొన్నది అదే. అతను దాన్ని చేత్తో తాకను కూడా లేదు.

"ఇది నాణెం కాదండి. కంపెనీ వాళ్ళు రాముడి బొమ్మ ఎప్పుడూ వేయలేదు. తీర్థాల్లో అమ్మే ఇత్తడి బిళ్ళ. వందో, నూటయాభయ్యో."

అతను చివరి పేజీకి వచ్చి ఆగిపోయాడు. అక్కడ నల్లగా ఉన్న ఒక రూపాయి ఉంది. 1911.

"దీన్ని తోమలేదా?"

"అది ఆల్బమ్‌లోంచి ఎప్పుడూ బయటికి రాలేదు."

"అదృష్టవంతులు. దీన్ని పంది రూపాయి అంటారండి. రాజు గారి అంగీ మీద ఏనుగు బొమ్మ ఉంటే జనానికి పందిలా కనిపించింది. అపచారమని గొడవ చేస్తే వెనక్కి తీసుకుని చాలావరకు కరిగించేసేరు. ఇదొక్కటే పద్నాలుగు వేలకి తీసుకుంటాను. మొత్తం ఆల్బమ్ అయితే ముప్పై."

ఆలోచించుకుని చెప్తానని వచ్చేశాను. ఆ రెండు నాణేల సంగతి ఒకేసారి వినేసరికి నాకు ఎర్రయ్య గుర్తొచ్చాడు.

ఎర్రయ్యది అంతర్వేది. సముద్రం మీద వేట. చేపల గంపలతో వాళ్ళావిడ వరహాలమ్మ, అతను రోజూ నా బస్సు ఎక్కేవారు. ముప్పై ఏళ్ళ కిందట అంతర్వేది తీర్థంలో ఒక కాషాయం బట్టల మనిషి దగ్గర రాముల వారి నాణేలు రెండు కొన్నాను. ఎవరో కంపెనీ దొర మొక్కుకుని వేయించాడనీ, దేశంలో పదో పన్నెండో మిగిలాయనీ చెప్పాడతను. ఎర్రయ్య బస్సులో వాటిని చూసి, ఒకటి ఇమ్మని బతిమాలాడు. బదులుగా వాళ్ళమ్మ వక్కల సంచిలో దాచుకున్న ఈ నల్ల రూపాయి ఇచ్చాడు. రాజును తీసుకుని రాముణ్ణి ఇస్తున్నాననీ, నాదే పెద్ద మనసనీ అప్పుడు అనుకున్నాను.

కానీ ఒక సంగతి నాకు తెలుసు. ఆ కాషాయం మనిషి నాణేలు తీసేటప్పుడు అతని సంచిలో ఇంకా చాలా గలగలలాడాయి. పదో పన్నెండో మిగిలిన వాటిలో అన్ని ఇతని సంచిలోనే ఎలా ఉన్నాయని నేను అడగలేదు. ఎర్రయ్యకీ చెప్పలేదు. తెలియక చేసింది మోసం కాదంటారు. తెలుసుకోకుండా ఉండటాన్ని ఏమనాలో నాకు ఎవరూ చెప్పలేదు.

ఇంటికి వచ్చి విజయకుమారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూ విన్నది.

"ఆ రూపాయి తీసేసి చెప్పండి. ఎంతొస్తుంది?"

"పదహారు వేలు."

"దాంతో ఎంతవరకు వెళ్ళగలిగితే అంతవరకే వెళ్దాం. ఆ దారిలోనూ దేవుళ్ళు ఉంటారు కదా."

మర్నాడు పొద్దున్నే అంతర్వేది బస్సు ఎక్కాను. సఖినేటిపల్లి దాటాక రెండుసార్లు దిగిపోదామా అనిపించింది. రూపాయి పోతుందని కాదు, అది ముందే వదులుకున్నాను. ముప్పై ఏళ్ళుగా దణ్ణం పెట్టుకుంటున్న మనిషికి ఆ దేవుడు ఇత్తడి బిళ్ళ అని చెప్పాలి. ఆ తరువాత అతను నా మొహం చూస్తాడా?

ఎర్రయ్య అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. జుట్టంతా నెరిసిపోయింది.

"కండక్టరు గారా! రండి రండి. రిటైరయ్యేక మమ్మల్ని దింపేసేరనుకున్నాం."

నేను కూర్చోకుండానే మొదలుపెట్టాను. నాణెం పాతది కాదనీ, కంపెనీది కాదనీ, దానికి వందో, నూటయాభయ్యో తప్ప రావనీ, తన రూపాయికి పద్నాలుగు వేలనీ చెప్పి రూపాయి అతని చేతిలో పెట్టాను. సంచి గలగలలాడిన సంగతి కూడా చెప్పాను.

ఎర్రయ్య వల పక్కన పెట్టాడు.

గుమ్మంలో నిలబడి విన్న వరహాలమ్మే ముందు మాట్లాడింది. "నేను ఆ రోజే అన్నానండి. దేవుణ్ణి ఇంత తేలిగ్గా ఇచ్చేస్తన్నారేంటి కండక్టరు గారు, మన రూపాయిలో ఏదో ఉంది అని. ఈయన వింటేనా?"

నేను తల వంచుకున్నాను.

"ఊరుకోవే," అన్నాడు ఎర్రయ్య. నా వైపు తిరిగి, "దాని మీద ఉన్నది రాముడేనా అండీ, అదీ కాదా?" అని అడిగాడు.

"రాముడే."

"ఆయ్. నేను వేటకెళ్ళే ముందు కంపెనీకి దణ్ణం పెట్టలేదు కదండీ. కూర్చోండి, ఎంతసేపు నిలబడతారు?"

అప్పుడు కూర్చున్నాను. ఆ రూపాయికి అంత ధర ఎందుకని ఎర్రయ్య అడిగితే, ఏనుగు పందిలా కనబడిన కథ చెప్పాను. వరహాలమ్మ రూపాయి లాక్కుని ఎండలో పెట్టి చూసింది.

"పందంటారేంటండీ, కళ్ళు పోతాయి. వరాహస్వామి."

"మా ఆవిడ పేరే వరహాలు. ఇంక ఒప్పుకుంటదా?" అన్నాడు ఎర్రయ్య.

ఆమె రూపాయితో లోపలికి వెళ్ళింది. మేము పాత బస్సుల గురించి మాట్లాడుకుంటున్నాం. చింతపండు వాసన వచ్చింది. నేను గబుక్కున లేచాను.

"అమ్మా, తోమకు. తోమితే దాని విలువ పోతుంది."

"మసితో దేవుడి దగ్గర ఎలా పెడతామండీ?" అంది ఆమె, ఆపకుండానే.

నూరేళ్ళకు పైగా పట్టిన నలుపు పెరటి కాలవలోకి కారిపోయింది. తెల్లగా మెరుస్తున్న రూపాయికి పసుపు రాసి, బొట్టు పెట్టి, గూట్లో రాముల వారి బిళ్ళ పక్కన ఆనించింది. ఆ బిళ్ళ మీద సీతమ్మ మొహం చేతి రాపిడికి చదునైపోయి ఉంది.

"ఇప్పుడెంతండీ అది?" అన్నాడు ఎర్రయ్య.

"వెండి ఎంతో అంతే. వెయ్యో, రెండు వేలో."

"పోన్లెండి. ఇంక దానికోసం ఎవరూ రారు."

వరహాలమ్మ కర్పూరం వెలిగించి పళ్ళెం నా ముందుకు తెచ్చింది. కళ్ళకద్దుకుని, జేబులో తగిలిన బిళ్ళ తీసి, ఏ సంవత్సరానిదో చూడకుండా పళ్ళెంలో వేశాను.